ఒకే కారం... రెండు రిపోర్టులు!

కారం ఆడించే రోజు ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండదు కదండీ! ఆయన తుమ్ముకుంటూ వీధి అరుగు మీదికి వెళ్ళిపోతారు. పిల్లలు ముక్కులకి కర్చీఫులు కట్టుకుని బందిపోటు దొంగల్లా తిరుగుతారు. మనం మాత్రం కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, ఆ ఎర్రటి పొడి డబ్బాలోకి ఎత్తుకుంటుంటే ఏడాది పని గట్టెక్కిందని ఎంత నిశ్చింతగా ఉంటుందో!

ఈ వేళ మీకు కొత్త పచ్చడి ఏదో చెబుతాననుకునేరు. అదేం కాదు. కాగితం మీది ఒక అంకెని చూసి, సొంత తమ్ముడితో మూడు నెలలు మాటలు మానేశాను. ఆ సంగతి చెప్పుకుందామని కూర్చున్నాను. మీలో ఎవరైనా నాలాగే ఇంట్లో కారాలూ పొడులూ చేసి నలుగురికీ ఇస్తుంటే, కాస్త ఓపిగ్గా చదవండి.

మా పుట్టిల్లు గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. తమ్ముడు మిరప వేస్తాడు. నేను గుంటూరులో ఉంటాను. ఏడెనిమిదేళ్ళుగా మా వీధిలో మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి కారం, కూరపొడి, కందిపొడి చేసి తెలిసినవాళ్ళకి ఇస్తున్నాం. మిరపకాయలన్నీ తమ్ముడి చేలోవే. తొడిమలు మేమే తుంచుతాం, తాలుకాయలు మేమే ఏరతాం. పెద్ద లాభాలేం లేవు గానీ, మా ఖర్చులకి ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేకుండా గడిచిపోతోంది.

2024 ఏప్రిల్‌లో పేపర్లనిండా ఒకటే గోల, మీకూ గుర్తుండే ఉంటుంది. మన దేశంలో పేరున్న కంపెనీల మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని మొదట హాంకాంగ్ వాళ్ళు, తరువాత సింగపూర్ వాళ్ళు అమ్మకాలు ఆపించారు. అది చేలో కొట్టే మందు కాదు, సరుకులో సూక్ష్మక్రిములు చావడానికి పట్టించే వాయువు. కానీ జనానికి అవన్నీ ఎందుకు? 'మసాలాల్లో మందులున్నాయట' అన్న మాట ఒక్కటే వీధివీధికీ పాకింది. మా దగ్గర కొనేవాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. "మీ కారంలో మందులుండవు కదండీ?" అని ఒకావిడ గుమ్మంలో నిలబడి అడిగితే, నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడాది వానాకాలం నారు పోసేముందు ఊరికి వెళ్ళి తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. "ఒరేయ్, నీ చేనంతా ఎలా చేసుకుంటావో నీ ఇష్టం. నా కోసం ఒక్క ఎకరం వేరుగా చూడు. ఆ ఘాటు మందు మాత్రం దానికి కొట్టకు" అన్నాను. ఆ మందు పేరు ఇక్కడ రాయను. వాడు ఒప్పుకున్నాడు. తామర పురుగు వస్తే ఏం చేస్తావని మరదలు అడిగింది. నిజమేనండీ, 2021లో నల్ల తామర పురుగు వచ్చి చేలకి చేలే ఎండిపోయి, రైతులు చెట్లు పీకేసుకున్న సంగతి ఆ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. అయినా వాడు "అక్క అడిగిందిగా, చూద్దాంలే" అన్నాడు.

2025 మార్చిలో కాయ ఎండి ఇంటికి వచ్చింది. ఎంత మంచి రంగో! అదే సమయానికి ఒక స్టోర్స్ ఆయన, విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి సరుకులు పంపే ఆయన, మా కారం రుచి చూసి 60 కిలోలు తీసుకుంటానన్నాడు. ఒకటే షరతు. ల్యాబ్ రిపోర్టు కావాలి, ఏ మందూ కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మాకు భయమేముంది? ఆ ఎకరానికి ఆ మందు కొట్టలేదుగా! ఒక ప్యాకెట్లోంచి పావుకిలో కారం తీసి ఆయన చేతికిచ్చాను.

పది రోజులకి ఆయన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఏ మందయితే కొట్టొద్దన్నానో దాని పేరే అందులో ఉంది! పక్కన 0.014. దాని పక్కన పరిమితి 0.01. ఆయన ఎర్ర ఇంకుతో దాని చుట్టూ సున్నా చుట్టి, 'ఫెయిల్' అని రాసి మరీ పంపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఫోన్ చేశాను.

"కొట్టలేదక్కా, నీ మీద ఒట్టు" అన్నాడు.

"నా మీద ఒట్లెందుకురా? కాగితం అబద్ధం చెబుతుందా? మెషీన్‌కి నీ మీద పగా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను లెండి. నాన్న ఉంటే సిగ్గుతో తల దించుకునేవాడని కూడా అన్నాను. అవతల చప్పుడు లేదు. కాసేపటికి ఫోన్ పెట్టేశాడు.

వారం తిరిగేసరికి వాడు తన ఇంట్లో ఉన్న టిక్కీలోంచి కాయలు తీసి, తన డబ్బుతో ఇంకో ల్యాబ్‌కి పంపాడట. ఆ పరీక్షకి వేలల్లో అవుతుందండీ, ఊరికే కాదు. ఆ రిపోర్టు ఊళ్ళోంచి వచ్చే కుర్రాడి చేత నాకు పంపాడు. ఉత్తరం లేదు, మాట లేదు, కాగితాలు మాత్రమే. అందులో 0.008.

నేనేమనుకున్నానో చెప్పమంటారా? 'చూశావా, మంచి కాయలు ఏరి పంపాడు' అనుకున్నాను. నా సొంత తమ్ముడి గురించి! ఆ కాగితాలు బీరువాలో పడేశాను. ఉగాదికి వాడు రాలేదు. నేనూ వెళ్ళలేదు. 60 కిలోల కారం మూడు పెద్ద డ్రమ్ముల్లో వంటింటి మూల కూర్చుని రోజూ నన్ను చూస్తూనే ఉంది.

మే నెలలో మా ఆడపడుచు కూతురు వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, హైదరాబాదులో ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో పని చేస్తోంది. పెళ్ళికొచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. ఆవకాయకి ఆవాలు ఎండబెడుతూ మాటల్లో నా గోడు వెళ్ళబోసుకున్నాను. "ఏవీ, ఆ రిపోర్టులు చూపించు అత్తయ్యా" అంది. స్టోర్స్ ఆయనకి ఫోన్ చేసి మొదటి రిపోర్టు మొత్తం తెప్పించింది. అప్పుడు తెలిసింది నాకు, దానికి రెండో పేజీ ఉందని!

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, "ఇందులో గొడవెక్కడుంది? రెండు ల్యాబులూ ఒకే మాట చెబుతున్నాయిగా" అంది.

ఒకటి 0.014, ఒకటి 0.008. దాదాపు రెట్టింపు తేడా. ఒకే మాట ఎలా అవుతుందండీ? మీకైనా నాకైనా అదే అనుమానం వస్తుంది.

రెండో పేజీలో అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. 'ఎక్స్‌పాండెడ్ అన్‌సర్టెంటీ ±50 శాతం, కె = 2.' అంటే ఏమిటంటే, ఆ ల్యాబు వాళ్ళే చెబుతున్నారన్నమాట: 'మేము 0.014 అన్నాం. కానీ అసలు విలువ అందులో సగం ఇటూ, సగం అటూ ఎక్కడైనా ఉండొచ్చు. నూటికి 95 పాళ్ళు ఈ హద్దుల్లోనే ఉంటుందని నమ్ముతున్నాం' అని. 0.014లో సగం 0.007. కాబట్టి అసలు విలువ 0.007 నుంచి 0.021 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. తమ్ముడి రిపోర్టులోనూ అదే ±50 శాతం ఉంది. 0.008కి సగం 0.004. అంటే 0.004 నుంచి 0.012 దాకా. రెండు హద్దులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పరిమితి గీత 0.01 రెండింటి లోపలా ఉంది!

"అయితే అంత మెషీన్లు పెట్టుకుని సగానికి సగం తప్పు కొలుస్తారా? మా కిరాణా కొట్టువాడే నయం" అన్నాను. దానికి కోపం వచ్చింది. "తప్పు కాదత్తయ్యా. తప్పంటే దిద్దుకోవచ్చు. ఎంత జాగ్రత్తగా చేసినా మిగిలిపోయే తేడా ఇది. ఎంత మిగులుతుందో దాచకుండా చెప్పే ల్యాబే మంచి ల్యాబు" అంది.

నమ్మకం కుదరక నా మొహం అలాగే ఉందేమో, వంటింట్లో ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి ముందు పెట్టింది. రోజూ బియ్యం కొలిచే గ్లాసు ఇచ్చి, ఒకే గ్లాసు అయిదుసార్లు కొలిచి పొయ్యమంది. పాతికేళ్ళుగా కొలుస్తున్న చెయ్యి కదా, ధీమాగా పోశాను. అయిదుసార్లూ అయిదు రకాలు! మొదటిదానికీ మూడోదానికీ పదకొండు గ్రాములు తేడా. ఒకసారి గ్లాసు కుదిపానట, ఒకసారి తల కొట్టానట, ఒకసారి కొట్టలేదట. నాకేం తెలుసు!

కళ్ళకి కనబడే బియ్యానికే ఇలా ఉంటే, ఇక ఆ మందు సంగతి చూడండి. కిలోకి 0.01 మిల్లీగ్రామంటే పది కోట్లలో ఒక పాలు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, లక్ష కిలోల కారంలో ఒక్క గ్రాము మందు కలిసినట్టు. లక్ష కిలోలంటే 40 కిలోల టిక్కీలు 2500. ఆ 2500 టిక్కీల్లో చిటికెడు మందుని వెతికి, ఎంతుందో కూడా చెప్పమంటున్నాం. విలియం హార్విట్జ్ అనే అమెరికా కెమిస్టు వేర్వేరు ల్యాబులు ఒకే వస్తువుని పరీక్షించిన లెక్కలన్నీ పోగేసి, 1980లో ఒక సంగతి చెప్పాడట. వెతికే వస్తువు వందరెట్లు తగ్గినప్పుడల్లా ల్యాబుకీ ల్యాబుకీ మధ్య తేడా రెట్టింపవుతూ పోతుందని. పంచదారలో పంచదార కొలవడం తేలిక, పది కోట్లలో ఒక పాలు కొలవడం కష్టం. మనం తలూపేసే మాటే గానీ, ఆయన లెక్కగట్టి చూపించాడు.

అందులోనూ కారం మరీ మొండిఘటమట. బియ్యం, బంగాళాదుంప లాంటివి పరీక్షించడం కొంత నయం. కారంలో రంగుంది, ఘాటుంది, నూనె ఉంది. రెండు గ్రాముల పొడి తీసుకుని, ముందు నీళ్ళు పోసి నానబెట్టి, తరువాత ఒక ద్రావకం పోసి కుదిపి, ఉప్పులు వేసి విడగొట్టి, తేటని తీసి శుభ్రం చేసి మెషీన్‌లోకి పంపుతారట. 2003లో వచ్చిన 'క్వెచర్స్' అనే పద్ధతి ఇది. మన చారు తేటలాగే అనుకోండి. మందు ఆ తేటలోకి ఎలా వస్తుందో, మిరప రంగూ ఘాటూ కూడా అలాగే కొంత వచ్చేస్తాయి. మెషీన్ దగ్గరకెళ్ళాక అవి మందు గొంతు వినబడకుండా గోల చేస్తాయి. ఒక్కోసారి ఉన్నదానికంటే తక్కువగా, ఒక్కోసారి ఎక్కువగా కనబడేలా చేస్తాయి. పెళ్ళి పందిట్లో సన్నాయి పక్కన కూర్చుని చెవిలో రహస్యం వినడం లాంటిదన్నమాట. అందుకని మందు లేని కారం ఒకటి సంపాదించి, దానిలో తెలిసిన కొలతకి మందు కలిపి, దానితో పోల్చి చూస్తారు. పూర్తిగా మందు లేని కారం దొరకడమే కష్టమని మా అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తెలిసిన కొలతకి మందు కలిపినా అంతా తిరిగి రాదట. నూటికి 70 నుంచి 120 దాకా వస్తే పద్ధతి బాగున్నట్టే లెక్క. మరి ఈ 50 శాతం ఎక్కడిదంటారా? యూరప్‌లో ఏళ్ళ తరబడి ఒకే పదార్థాన్ని అనేక ల్యాబులకి పంచిపెట్టి, వచ్చిన జవాబులన్నీ పోల్చి చూసి తేల్చిన లెక్క అది. మన దగ్గర చాలా ల్యాబులు కూడా దాన్నే వాడతాయట.

ఇంకో సంగతి విని నిజంగా గతుక్కుమన్నాను. ఆ ±50లో శాంపిల్ తీయడంలో వచ్చే తేడా లేనే లేదు! రిపోర్టు కింద 'ఈ ఫలితం మాకు అందిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తుంది' అని ఉంటుంది. దానర్థం అదే. నేను పంపింది ఒక ప్యాకెట్లో పైన ఉన్న కారం. వాడు పంపింది వేరే టిక్కీలోని కాయలు. ఒక సాలుకి మందు ఎక్కువ తగులుతుంది, ఇంకో సాలుకి తక్కువ. చెట్టు పైకొమ్మ కాయకి ఒకలా, లోపలి కాయకి ఒకలా. మూడు నాలుగు కిలోల పండుమిరప ఎండితే ఒక కిలో ఎండుమిరప అవుతుంది కదా, నీళ్ళన్నీ పోయి మందు మాత్రం అక్కడే మిగిలితే పాళ్ళు పెరుగుతాయి. ఒకటి సరిగ్గా ఎండి, ఇంకొకటి కాస్త మెత్తగా ఉన్నా అంకె మారిపోతుంది. ఇవన్నీ చూసుకోకుండా నేను వాడిని 'మంచివి ఏరి పంపాడు' అనుకున్నాను. నేను మాత్రం ఏం పద్ధతిగా పంపాను?

"మరయితే నా కారం పాసా, ఫెయిలా? అది చెప్పు" అన్నాను విసుగొచ్చి.

"ఎవరడుగుతున్నారన్న దాన్ని బట్టి" అంది!

అదేం లాయరు జవాబు అనుకున్నాను గానీ, విన్నాక సబబుగానే తోచింది. కేసు పెట్టవలసిన అధికారి అయితే అనుమానం సరుకు తాలూకు మనిషికి అనుకూలంగా ఉండాలి. యూరప్ అధికారులు వచ్చిన అంకెలోంచి ఆ 50 శాతం తీసేసి, అప్పుడు కూడా గీత దాటితేనే తప్పంటారు. 0.014లోంచి 0.007 తీస్తే 0.007. గీత దాటలేదు. క్రికెట్‌లో అంపైరు బెనిఫిట్ ఆఫ్ డౌట్ బ్యాట్స్‌మన్‌కి ఇస్తాడే, అలాగ. అదే సరుకు అమ్మేవాడైతే అలా తీసివేసుకోకూడదు. తన సరుకు గీత లోపలే ఉందని గట్టిగా తెలియాలంటే ఆ 50 శాతం కూడుకుని చూసుకోవాలి. 0.014కి కూడితే 0.021. స్టోర్స్ ఆయన వద్దనడంలో అన్యాయమేమీ లేదు. పరాయి దేశం రేవులో సరుకు ఆగిపోతే నష్టం ఆయనదే.

అంతవరకూ బాగానే ఉంది. తమ్ముడి రిపోర్టుకీ అదే లెక్క వేసి చూపించింది. 0.008కి 0.004 కూడితే 0.012. అదీ దాటింది! అంటే వాడు గెలిచాననుకున్న రిపోర్టూ వాణ్ణి పూర్తిగా గెలిపించలేదు. నేను వాణ్ణి ఓడించాననుకున్న రిపోర్టూ వాణ్ణి ఓడించలేదు.

మీకొక అనుమానం రావచ్చు. ఇలా సగం సగం వదిలేస్తూ పోతే మన పిల్లల పొట్టల సంగతేమిటని. నేనూ అడిగాను. ఎక్కడో గీత పక్కన ఊగిసలాడే అంకెలకే ఈ తగాదా అంతా. అదే 0.5 వచ్చిందనుకోండి, సగం తీసేసినా 0.25 ఉంటుంది, ఏ లెక్కలోనూ తప్పించుకోలేదు. పైగా ఈ 0.01 అన్నది అక్కడికి రాగానే విషమైపోతుందని గీసిన గీత కాదు. యూరప్‌లో ఏ మందుకైనా ఫలానా పంటలో ఇంత ఉండొచ్చని ప్రత్యేకంగా పరిమితి లేకపోతే, మామూలుగా ఈ 0.01 పెడతారు. మన దేశంలో కూడా రిజిస్టర్ కాని మందులకి ఇదే ఉండేది. మసాలా దినుసుల వరకు దాన్ని 2024 ఏప్రిల్‌లో 0.1కి పెంచారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది. పెంచడం మంచిదో కాదో నేను తేల్చగలిగింది కాదు గానీ, నాకు ఒకటి మాత్రం ఒంటబట్టింది. మన ఇంట్లో మనిషి రోజుకి అయిదు గ్రాముల కారం తిన్నాడనుకుందాం. ఆ కారంలో కిలోకి 0.014 మిల్లీగ్రాములుంటే, లోపలికి వెళ్ళేది మిల్లీగ్రాములో పదివేలవ వంతు కూడా ఉండదు. అలాగని నిర్లక్ష్యం చెయ్యమనడం లేదండీ. మందు మందే. కానీ దానికోసం ఉగాది పూట తోబుట్టువుని దూరం చేసుకోనక్కర్లేదు.

చివరికి అసలు ప్రశ్న అడిగాను. "మరి వాడు ఆ మందు కొట్టాడా, లేదా?"

అమ్మాయి రిపోర్టులు మడిచి నా చేతిలో పెట్టింది. "ఆ సంగతి ఈ కాగితాల్లో లేదత్తయ్యా. కొంచెం మందు ఉందని ఉంది. ఎంతో కూడా సుమారుగా ఉంది. ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, గాలి ఎటు వీచింది... అవి మామయ్యని అడిగితే తెలుస్తాయి."

వాణ్ణి మామయ్య అంటుంది అది. నాకు తలెత్తి దాని మొహంలోకి చూడబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. మూడు నెలల తరువాత ఆ గుమ్మం ఎక్కుతుంటే కాళ్ళు బరువెక్కాయి. మరదలు "రా వదినా" అని మంచినీళ్ళిచ్చింది గానీ, ఇంకో మాట మాట్లాడలేదు. తమ్ముడు పశువుల కొట్టంలోంచి వచ్చి, నన్ను చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంకో రిపోర్టు తెచ్చావా?" అన్నాడు.

బస్సులో ఏవేవో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "నాన్న మాట ఎత్తకుండా ఉండాల్సిందిరా" అన్నాను. అంతే. వాడు అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. మరదలు లోపలికి వెళ్ళిపోయింది.

తరువాత అన్నాలు తింటున్నప్పుడు వాడే చెప్పాడు. జనవరిలో పక్క చేనువాళ్ళు అదే మందు కొట్టారట. మధ్యన ఒక్క గట్టే అడ్డం. ఆ రోజు గాలి మనవైపే ఉందట. "ఆ రోజే నీకు ఫోన్ చేద్దామనుకున్నా. అక్క కంగారు పడుతుందిలే అని ఊరుకున్నా. చెప్పినా బాగుండేది" అన్నాడు. నిజమా అని అడగలేదు నేను. అడిగే అర్హత ఆ మూడు నెలల్లోనే పోగొట్టుకున్నాను. ముద్ద కలుపుకుంటూ, అందులో ఉన్నది కూడా ఆ ఎకరం కారమే కదా అనుకున్నాను.

60 కిలోల సంగతి అడుగుతారేమో. స్టోర్స్ ఆయన తీసుకోలేదు, నేనూ బతిమాలలేదు. రెండు రిపోర్టులూ, రెండో పేజీలతో సహా, జిరాక్సు తీయించి పాత వాడుకవాళ్ళకి చూపించి, తెలిసినంతవరకు విడమరచి చెప్పి, ధర కొంచెం తగ్గించి ఇచ్చాం. ఇద్దరు వద్దన్నారు. మిగతావాళ్ళు తీసుకున్నారు. గుమ్మంలో నిలబడి అడిగిన ఆవిడ అయితే రిపోర్టు అంతా చదివి, "ఇన్నాళ్ళూ అందరూ 'మాది స్వచ్ఛం' అన్నవాళ్ళే గానీ ఇలా కాగితం చూపించినవాళ్ళు లేరు" అని రెండు కిలోలు పట్టుకెళ్ళింది.

మీకెవరైనా రిపోర్టు చూపిస్తే ముందు రెండో పేజీ అడగండి. ± గుర్తు పక్కన ఏముందో చూడండి. శాంపిల్ ఎవరు తీశారో, దేని నుంచి తీశారో అడగండి. ల్యాబుకి ఎన్‌.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉందో లేదో, అందులో ఆ పరీక్ష కూడా ఉందో లేదో చూడండి. ఆ ల్యాబు ఎంత చిన్న అంకె దాకా నమ్మకంగా కొలవగలదో కూడా రాసి ఉంటుంది. తమ్ముడి రిపోర్టులో అది 0.005 అని ఉంది, కాబట్టే 0.008 అని చెప్పగలిగారు. 'మందు లేదు' అని ఒకే ఒక్క ముక్క రాసి ఉంటే, 'ఎంత దాకా వెతికారండీ?' అని అడగడానికి మొహమాటపడకండి.

మళ్ళీ కోతలు వచ్చాయి. ఈసారి శాంపిల్ తీయడానికి నేనూ, తమ్ముడూ, మరదలూ ముగ్గురం కూర్చున్నాం. ప్రతి టిక్కీలోనూ పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి చారెడేసి కాయలు తీసి, శుభ్రమైన దుప్పటి మీద కుప్ప పోసి కలిపాం. కుప్పని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతావి పక్కకి తీసేశాం. మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేశాం. అలా కిలో అయ్యేదాకా. అందులో సగం ల్యాబుకి, సగం సీలు వేసి మా ఇంటి బీరువాలోకి. మరదలు ఒకటే నవ్వు, పిల్ల పెళ్ళికి తలంబ్రాలు కలిపినట్టు కలుపుతున్నారని.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, రిపోర్టు వచ్చింది. 0.009. పాస్!" అన్నాడు గట్టిగా.

"రెండో పేజీ చదువు ముందు" అన్నాను.